తాలులోకి పోయిన కేక

నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై రెండేళ్లు. మా కోడలే పలక తెచ్చి నేర్పింది. అంతకుముందు నందిగామ బస్సేదో జగ్గయ్యపేట బస్సేదో కండక్టరు అరిస్తేనే తెలిసేది. అందుకని కోడలి పని గురించి నేను రాయడం కొంచెం సాహసమే. అయినా ఆ రోజు జరిగింది నేను రాస్తేనే బాగుంటుందని తనే అంది.

తనది చిత్రమైన చదువు. ఎక్కడో దూరాన పొలాల మధ్య, గొడుగులు తిరగేసినట్టు, పెద్ద పెద్ద పళ్లేలు బారులుగా నిలబెట్టారు. అవి చూడవు, వింటాయి. ఆకాశంలోంచి ఎప్పుడో ఒక కేక వస్తుంది. మన చెవికి కాదు, రేడియోకి అందే కేక. రెప్పపాటులో ఎన్నో వంతో ఉంటుంది, అంతే. చాలావాటికి మళ్లీ రావడమన్నది లేదు. అది బయల్దేరేనాటికి భూమ్మీద మనిషన్నవాడే లేడట. ఏది అలా అరిచిందో పెద్ద చదువులు చదివినవాళ్లకే ఇంకా పూర్తిగా తెలియదు. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి వింటున్నాను. పాలు పొంగిపోయాయి.

కేక అనిపించిన ప్రతిదాన్నీ కంప్యూటరు బొమ్మగా గీసి ఇస్తుంది. వాటిలో చాలామటుకు ఫోన్ల గోల, బండ్ల గోల, విమానాల గోల. మనిషి కూర్చుని ఏరాలి. అంతకుముందు విడతలో కోడలు ఒక గోలను నిజం కేక అనుకుని పంపేసింది. వాళ్ల సారు కోప్పడ్డాడు. ఈసారి కూడా పొరపాటు జరిగితే ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. పని పోతే మూడేళ్ల చదువు మధ్యలో ఆగినట్టే.

మొన్న వేసవిలో ఇంటి నుంచే పనిచేసుకుంటూ నందిగామలో మా దగ్గరుంది. సరిగ్గా ఏరిన కేకల జాబితా సారుకు పంపాల్సిన వారంలో కళ్లకలక పట్టుకుంది. తెర వైపు చూస్తే చాలు, నీళ్లు కారిపోతున్నాయి.

“అత్తయ్యా, మీరు కల్లంలో మిరపకాయలు ఎన్నేళ్లు ఏరారు?” అంది.

“పెళ్లికి ముందు నుంచీ. ఎందుకు?”

“బొమ్మలు ఏరతారా?”

మా ఆయన పేపరు దించి, “చుక్కల్లో కూడా మంచికాయ, తాలుకాయ ఉంటాయా?” అన్నాడు.

“తాలే ఎక్కువ మావయ్యా” అంది కళ్లు మూసుకునే.

నన్ను కూర్చోబెట్టి చెప్పింది. బొమ్మలో అడ్డంగా పోయేది కాలం. నిలువుగా ఉన్నవి రేడియో స్టేషన్లనుకోవాలి, పైన పెద్ద నంబర్లు, కింద చిన్నవి. మన దగ్గర పుట్టిన చప్పుడు అన్ని స్టేషన్లకూ ఒక్కసారే తగులుతుంది కాబట్టి గీత నిటారుగా ఉంటుంది. దూరం నుంచి వచ్చేది దారిలో ఏదో పలచటి పదార్థంలోంచి ఈదుకుంటూ రావాలి. పై స్టేషన్లకు ముందు అందుతుంది, కింది వాటికి వెనకపడుతుంది. అందుకని గీత వంపు తిరుగుతుంది.

“మిరపకాయలాగానా?”

“అలాగే. మధ్యలో అడ్డంగా నల్ల పట్టీలుంటే పట్టించుకోకండి. అక్కడ ఫోన్ల గోల ఎక్కువని మేమే మూసేశాం.”

తలూపాను. రెండు రోజులు ఏరాను. చేయి తిరిగిన పని, చూపు దానంతటదే పరిగెత్తింది. నిటారు గీతలు తీసేయడం, వంపు తిరిగినవి ఉంచడం. ఒక బొమ్మలో వంపు ఉంది గానీ మధ్యలో తెగి మూడు ముక్కలుగా ఉంది. కల్లంలో విరిగిన కాయ మంచి కుప్పలో కనబడితే రైతు ఊరుకోడు. అలవాటు ప్రకారం చూపుడువేలితో ఒక్క నొక్కు నొక్కి దాన్నీ తాలులోకి తోసేశాను.

మూడో రోజు జగ్గయ్యపేటలో ఆడపడుచు వాళ్ల గృహప్రవేశం. అక్కడ భోంచేసి తిరుగు బస్సెక్కాను. కిటికీలోంచి దూరంగా కొండ కనబడుతోంది. హైవే మీద అటు పక్క లారీలు బారులు తీరాయి. లారీ అడ్డొచ్చిన చోటల్లా కొండ తెగిపోతోంది, సందులో మళ్లీ కనబడుతోంది. ఊరికే చూస్తున్నదాన్ని ఉలిక్కిపడ్డాను. కొండ తెగలేదు. ఆ గీతా తెగలేదు. నల్ల పట్టీలు అడ్డొచ్చాయి.

ఫోను చేశాను.

“జాబితా పంపేశావా?”

“పంపబోతున్నా అత్తయ్యా. మూడింటికల్లా ఇవ్వాలిగా.”

“ఆగు. ఒక మంచికాయ తాలులో వేశా.”

జాబితా వెళ్లిపోతే తీసేసిన వాటిని అక్కడ చెరిపేస్తారని నాకు తెలుసు.

“ఎన్నోది?”

“ఎన్నోదో తెలీదు. మూడు ముక్కలుగా ఉంటుంది. వంపు మాత్రం ఒకటే.”

“తీసేసినవి వందల్లో ఉన్నాయి. నా కళ్లు...”

“మీ మావయ్యని కూర్చోబెట్టు. ముక్కలున్నది కనబడగానే చెప్పమను.”

“ఆయన పేపర్లో ఫొటోలే సరిగ్గా చూడరు” అంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

నేను ఇల్లు చేరేసరికి ఇద్దరూ తెర ముందున్నారు. మా ఆయన ఆ మూడు ముక్కలదాన్ని పట్టేశాడు. తను తడిగుడ్డతో కళ్లు ఒత్తుకుంటూ చూసి, జాబితాలో చేర్చి పంపింది. భయపడుతూనే పంపింది. అది కూడా గోలే అయితే రెండో తప్పు.

“ఎలా తెలుస్తుంది?” అన్నాను.

“ఒక వీధిలోనే వినబడితే అది మైకు. ఇక్కడా జగ్గయ్యపేటలోనూ కూడా వినబడితే ఉరుము. ఈ కేక అన్ని పళ్లేలకూ అందిందో లేదో సారు చూస్తారు.”

మర్నాడు పదకొండింటికి సారు ఫోను చేశాడు. కోడలు స్పీకరు పెట్టింది.

“అన్నిట్లోనూ ఉంది. ఆకాశంలో ఒకే చోటు నుంచి. ఇంత మంచిదాన్ని ఆఖరి నిమిషంలో చేర్చావేం?”

“మా అత్తయ్య తీసేశారు సార్. మళ్లీ ఆవిడే వెతికించారు.”

“పని నీ దగ్గరే ఉంటుంది. కళ్లకలక తగ్గాక నువ్వు కూడా జాబితా ఓసారి చూడు” అన్నాడు.

కోడలు నా భుజం మీద తల ఆనించింది. కళ్లకలక అంటుకుంటుందని మా ఆయన గొణిగాడు. అంటుకోనీ అనుకున్నాను.

తర్వాత ఆరేసిన బట్టలు తీద్దామని మేడ మీదికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, ఎండకు తెల్లబారిన ఆకాశంలో పిట్ట కూడా లేదు. ఆ కేకలకు పగలూ రాత్రీ లేదని కోడలు చెప్పింది. అంటే అప్పుడు కూడా ఏదో ఒకటి నా మీదుగా, ఈ ఊరి మీదుగా పోతూనే ఉండి ఉంటుంది. నేను తాలులోకి తోసిన కేక కూడా మనుషులు పుట్టకముందు బయల్దేరిందే. దారిలో దేనికీ ఆగలేదు. అంత దూరం వచ్చి నా చూపుడువేలి దగ్గర ఆగిపోబోయింది. ఆ వేలికేసి చూసుకుంటూ, బట్టల సంగతి మర్చిపోయి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను.