తెలుగు: ఒకటి

మా టైపు మాస్టారు చనిపోయేనాటికి ఒక సంగతి గట్టిగా నమ్మారు. తను ఏళ్ల తరబడి కూర్చుని తెలుగులోకి మార్చిన కంప్యూటరు మాటల్ని వాడే మిషను లోకం మొత్తం మీద ఒక్కటే ఉందని, అదీ తనదేనని. అది నిజం కాదు. ఆయన చేత ఆ అబద్ధాన్ని నమ్మించింది నేను. కావాలని కాదు, నా పనితనం మీద నాకున్న పొగరు వల్ల.

రెండు వేల ఆరు, ఏడు ఆ ప్రాంతం. బందరులో నాకొక కంప్యూటరు రిపేరు షాపు ఉండేది. పైన మేడ మీద మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్. అప్పటికే అక్కడికి పిల్లలు రావడం మానేశారు. మిషన్లకు గుడ్డలు కప్పేసి, ఆయన కూడా ఒక కంప్యూటరు కొనుక్కున్నారు. కొన్న వారానికే మెట్లు దిగి వచ్చి, ఇందులో ఉన్నదంతా ఇంగ్లీషులోనే ఎందుకుండాలని నన్ను నిలదీశారు, అదేదో నేనే అలా తయారు చేసినట్టు. ఆయన్ని వదిలించుకుందామని, విండోసుకు బదులు వాడే లినక్స్ గురించి చెప్పాను. అది ఎవరి సొత్తూ కాదని, ఎవరైనా తమ భాషలోకి మార్చి పంపితే లినక్స్ తయారుచేసేవాళ్లు దాన్ని అందరికీ పంచే సీడీలో కలుపుతారని. వదిలించుకోవడం మాట అటుంచి, ఆ రోజు నుంచి నేను ఆయనకు దొరికిపోయాను.

ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే కుటుంబం ఆయనది. కానీ తెలుగు మాట ఎక్కడైనా తప్పు పడితే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. ఒక్కో మెనూకి పది మాటలు చీటీ మీద రాసుకుని, నా దగ్గరకొచ్చి చదివి, నేను తలూపితే కోప్పడేవారు. ఊరికే తలూపడం కాదు, నోటితో పలికి చూడమనేవారు. అలా వేల మాటలు మార్చారు. మేం పంపినవన్నీ సీడీలోకి ఎక్కాయి కూడా.

ఆ రోజుల్లో తెలుగు అక్షరాలు తెర మీద తిన్నగా కనబడేవి కావు. ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడేవి. మాస్టారి మిషను మీద రెండు రోజులు కూర్చుని దాన్ని ఒక దారికి తెచ్చాను. ఇక ఎవరు తెలుగు కంప్యూటరు కావాలన్నా మళ్లీ మొదటినుంచి ఎక్కించే పనే లేదు. మాస్టారి హార్డ్ డిస్కు విప్పి తెచ్చి, దాన్ని ఉన్నదున్నట్టు వాళ్ల డిస్కు మీదికి కాపీ కొట్టేసేవాణ్ని. అరగంటలో పని అయిపోయేది. షాపుకి వచ్చినవాళ్లకు ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా. నా షాపులో మిషను మాత్రం ఇంగ్లీషులోనే ఉండేది. గిరాకీ అలాంటిదని సర్దిచెప్పుకునేవాణ్ని.

అలా పదమూడు మిషన్లు పెట్టాం. గిలకలదిండి రేవులో ఐసు ప్లాంటు, చల్లపల్లిలో ఒక రైసుమిల్లు, నందివాడలో ఎరువుల కొట్టు, గుడివాడలో ట్యుటోరియల్, అవనిగడ్డ దగ్గర ఒక పొదుపు సంఘం, ఇంకా ఇలాంటివే. మాస్టారిదితో పద్నాలుగు.

అప్పుడొచ్చింది ఆ ఉత్తరం. సీడీలో చోటు చాలడం లేదని, వాడేవాళ్లు లేని భాషల్ని వచ్చే సీడీ నుంచి తీసేస్తామని తయారుచేసేవాళ్లు మాస్టారికి రాశారు. ఎవరు వాడుతున్నారో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాము ఉండేది. మనం ఒప్పుకుంటే అది నెలకోసారి ఫోను లైను మీద కబురు పంపుతుంది. ప్రాసెసరు ఏది, మెమరీ ఎంత, లోపల ఏ కార్డులున్నాయి, ఏ భాష పెట్టుకున్నారు, అంతే. పేరు వెళ్లదు, ఊరు వెళ్లదు. పేరుకు బదులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మిషనే తనకొక పొడవాటి నంబరు పెట్టుకుంటుంది. అలా చేరినవన్నీ లెక్కేసి ఒక పేజీలో అందరికీ కనబడేలా పెట్టేవారు. ఆ పేజీలో తెలుగు పక్కన చెప్పుకోదగ్గ అంకె కనబడితే, మాస్టారి పని నిలుస్తుంది. లేదంటే పోతుంది.

అడక్కుండా పంపడానికి మాస్టారు ఒప్పుకోలేదు. పదమూడు చోట్లకీ స్వయంగా వెళ్లి అడుగుదామన్నారు. ఆదివారాలు నా స్కూటరు మీద, దూరమైతే బస్సుల్లో తిరిగాం. ఐసు ప్లాంటు గుమాస్తాకి వివరించేసరికి గంట పట్టింది. అతను మొదట మమ్మల్ని పన్ను ఆఫీసు మనుషులమేమో అన్నట్టు చూశాడు. బోటు పేర్లు వెళ్లవా, ఎన్ని ఐసు దిమ్మలు తీసుకున్నారో వెళ్లదా అని తిప్పి తిప్పి అడిగాడు. ఏదీ వెళ్లదని మాస్టారు తెర మీద చూపించారు. అప్పుడతను ఇంకో మాట అడిగాడు.

"పేరే పంపకపోతే మనం ఉన్నామని ఆళ్లకెట్టా తెలుస్తదండీ?"

"ఒకడున్నాడని తెలుస్తుంది. అది చాలు" అన్నారు మాస్టారు.

ఒప్పుకున్నాక ఆ గుమాస్తాయే మాస్టారికి ఒక దిద్దుబాటు చెప్పాడు. రాసినదాన్ని ఉంచుకోవడానికి మాస్టారు 'భద్రపరచు' అని పెట్టారు. అంత పెద్ద మాట ఎందుకండీ, 'దాచు' అంటే సరిపోదా అన్నాడతను. మాస్టారు నొచ్చుకున్నారేమో అనుకున్నాను. మర్నాడు చూస్తే అన్నిచోట్లా 'దాచు' అని మార్చేసి ఉంది; ఐసు ప్లాంటు మిషనులోనూ నా చేత మార్పించారు. ఆ పనికి ఇంతకు మించి ఎవరూ జీతం ఇవ్వలేరయ్యా అన్నారు నాతో.

నెల తిరిగింది. నా షాపులో ఆ పేజీ తెరిచాను. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని ముందుకు వంగారు. భాషల వరుసలో కిందెక్కడో ఉంది. తెలుగు: ఒకటి.

తొందరపడకూడదు, ఫోను లైన్లు సరిగా లేవేమో అన్నారాయన. రెండో నెల కూడా ఒకటే. మూడో నెల కూడా. మూడో నెలలో ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత నెమ్మదిగా, ఆ ఒక్కటీ నాదే అయ్యుంటుంది, మిగతావాళ్లు పెద్దవాణ్ని కదా అని మొహమాటానికి సరే అన్నారు, మనం బస్సెక్కగానే తెలుగు తీసేసి ఉంటారు అన్నారు. అది తప్పేమీ కాదని, తనే అందరినీ ఇబ్బంది పెట్టానని కూడా అన్నారు.

ఆయనకు రాని కోపం నాకొచ్చింది. ఎదురుగా కూర్చుని తలూపి వెనకాల ఇలా చేస్తారా అని ఆ పదమూడు మందినీ నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్ల మిషన్లు చూడటానికి వెళ్లడం మానేశాను. ఐసు ప్లాంటు గుమాస్తా ఒకసారి బస్టాండులో ఎదురై నవ్వబోతే చూడనట్టు వెళ్లిపోయాను. మాస్టారు కూడా ఎవరి దగ్గరకూ వెళ్లలేదు. వెళితే వాళ్లకు సిగ్గుగా ఉంటుందని ఆయన భయం. వెళ్లి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయాన్ని, నేను కోపంతోనూ ఆయన మొహమాటంతోనూ అలా వదిలేశాం.

కొత్త సీడీ వచ్చింది. అందులో తెలుగు లేదు. మాస్టారు తన చీటీలన్నీ ఒక సంచిలో వేసి, టైపు మిషన్ల వెనక పెట్టారు. ఆ తర్వాత మెట్లు దిగి షాపులోకి రావడం తగ్గించారు.

కొన్నాళ్లకు ఆయనకు గుండె జబ్బు చేసింది. ఆసుపత్రిలో ఉండగా రోజూ సాయంత్రం వెళ్లేవాణ్ని. ఎప్పుడూ ఆ విషయం ఎత్తని మనిషి, ఒకరోజు మంచం మీద నుంచి అడిగారు.

"గిలకలదిండి ఎంత దూరమయ్యా, ఒకసారి వెళ్లి చూడకూడదూ? ఆ గుమాస్తా అయినా తెలుగుది ఉంచుకున్నాడేమో."

"వాళ్ల సంగతి తెలిసిందేగా మాస్టారూ. మీరు పడుకోండి" అన్నాను.

గిలకలదిండి ఊళ్లోదే. స్కూటరు మీద పది నిమిషాలు. నేను వెళ్లలేదు. ఆ శుక్రవారం నమాజు తర్వాత ఆయన్ని ఖననం చేశారు.

నలభై రోజులు అయ్యాక మాస్టారి భార్య కబురు చేశారు. ఆమెను నేను పిన్నిగారు అనేవాణ్ని. మేనకోడలు డిగ్రీ చదువుతోందని, ఆ కంప్యూటరు ఆ పిల్లకి పనికొచ్చేలా చేసిపెట్టమని అడిగారు. నేను మాస్టారి డిస్కును మొత్తం చెరిపేసి, అందరూ వాడే ఇంగ్లీషుదే ఎక్కించాను. ఆ పేజీలో ఉన్న ఒక్కటీ కూడా ఇక పోతుందని చెరుపుతున్నప్పుడు అనుకున్నాను. దాన్ని చూడాలనే ఆ తర్వాతి నెల పేజీ తెరిచాను. ఎందుకు చూడాలనిపించిందో చెప్పలేను. ఆయన వెళ్లిపోయారని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది కాబోలు.

తెలుగు: ఒకటి.

పాత లెక్క మార్చలేదేమో అనుకున్నాను. మర్నెల కూడా ఒకటే. అప్పటిదాకా మేమిద్దరం అంకె చూసి మూసేయడమే కానీ, ఆ ఒక్కటి మీద నొక్కి లోపలికి వెళ్లిందే లేదు. ఆ రోజు నొక్కాను. నంబరు మాస్టారి మిషనుదే, దాన్ని సర్దినప్పుడు నా రిపేరు పుస్తకంలో రాసుకున్నదే. కింద ఉన్న సరుకు మాత్రం ఆయనది కాదు. మెమరీ సగమే ఉంది. సౌండు కార్డు లేదు. పాతకాలపు నెట్‌వర్కు కార్డు ఒకటుంది. ఆ కార్డు ఎక్కడుందో నాకు తెలుసు. ఇంకేదో మిషనులోంచి ఊడదీసి ఐసు ప్లాంటులో బిగించింది నేనే.

అప్పుడు నాకు అర్థమైంది. మాస్టారి డిస్కును ఉన్నదున్నట్టు కాపీ కొట్టినప్పుడు, ఆయన మిషను పెట్టుకున్న నంబరు కూడా పదమూడింటికీ వెళ్లింది. ఆ రోజుల్లో పద్నాలుగు మిషన్లూ నెలనెలా కబురు పంపుతూనే ఉండి ఉంటాయి. అన్నీ ఒకే నంబరు మీద. అవతలివాళ్లకు అది ఒకే మిషను, చివరగా పంపిందే లెక్క. పేరు అడిగి ఉంటే పద్నాలుగు పేర్లు కనబడేవి.

షాపు తలుపులు దగ్గరికి వేసి ఏడ్చాను. తర్వాత గిలకలదిండి వెళ్లాను.

గుమాస్తా తెర మీద బోట్ల పేర్లు తెలుగులో బారుగా ఉన్నాయి. నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. మాస్టారు పోయారని తెలిసి తనూ ఖననానికి వచ్చి, దూరంగా నిలబడి వెళ్లిపోయానని చెప్పాడు.

"మీరు బస్టాండులో చూసి కూడా పలకరించలేదు. మావల్ల ఏదన్నా తప్పు జరిగిందేమో, ఎట్టా అడగటం అని ఊరుకున్నానండీ" అన్నాడు.

మిషను కాసేపు ఇవ్వమన్నాను. రాసిందంతా పోతుందేమోనని అతను తొందరగా 'దాచు' మీద నొక్కి లేచాడు. పాత నంబరు చెరిపి కొత్తది పెట్టాను. మిగతా పన్నెండు చోట్లకూ అలాగే తిరిగాను. రెండు చోట్ల నిజంగానే ఇంగ్లీషుకు మారిపోయారు. పదకొండు చోట్ల తెలుగే ఉంది. పొదుపు సంఘంలో లెక్కలు రాసే ఆవిడ, మాస్టారు గారి కంప్యూటరు అని దానికి పేరు కూడా పెట్టుకుంది.

పదకొండని తెలిసి ఉన్నా, పద్నాలుగని తెలిసి ఉన్నా ఆ సీడీవాళ్లు తెలుగును తీసేసేవారేమో. నాకు తెలియదు. మాస్టారికి మాత్రం పద్నాలుగు అక్కర్లేదు. రెండు చాలు.

మర్నెల ఆ పేజీలో పదకొండు అని పడింది. ఒక్కొక్కటీ తెరిచి, అచ్చు తీసి, కాగితాలు పట్టుకుని పిన్నిగారి దగ్గరకు వెళ్లాను. జరిగిందంతా చెప్పాను, ఆసుపత్రిలో నేనన్న మాటతో సహా. ఆమె కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాల్ని వేలితో తడిమారు.

"వీటిల్లో ఆయనది ఏది బాబూ?"

"లేదండీ. అది నేనే చెరిపేశాను."

పేర్లు లేవుగా, ఏదో ఒకటి ఆయనదే అనుకుంటాలే అన్నారామె. ఆ కాగితాలు నా చేతికిచ్చి, మొదటినుంచి పైకి చదవమన్నారు. చదివాను. ప్రాసెసరు, మెమరీ, కార్డులు, భాష తెలుగు. రెండోది. భాష తెలుగు. మూడోది, గిలకలదిండిది, సగం దాకా చదివి కాగితం కిందికి దించాను. నేను మిగతావి కూడా చదువుతానని పిన్నిగారు అలా ఎదురుచూస్తూ కూర్చున్నారు.