మేడ మీది అక్క చేతులు

వనపర్తిలో మా మేడ మీద అద్దెకున్న అక్కకు పుట్టుకతోనే చెవులు వినిపించవు, మాట రాదు. బట్టలు కుట్టేది. ఆమె భర్త కూడా అట్లాంటివాడే, పుణేలో మేస్త్రీ పని చేసేటోడు. రోజూ సాయంత్రం ఇద్దరూ వీడియో కాల్‌లో చేతులతో మాట్లాడుకునేవాళ్లు. మా హాల్లో ఉన్న రూటరే వాళ్లకూ ఆధారం. నెట్ లేకుంటే వాళ్లకు మాటే లేదు.

ఆ నెట్ ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆరిన బట్టల కోసం పైకి పోతే చూసేదాన్ని. మాట మధ్యలో అక్క చెయ్యి గాలిలో నిలిచిపోయేది. అతని ముఖం మళ్లీ కదిలేదాకా దించేది కాదు.

నెట్ మెకానిక్ వైరు మార్చిండు, డబ్బా మార్చిండు. "అంతా మంచిగనే ఉంది మేడం, ఎందుకు పోతుందో తెల్వదు," అన్నడు.

ఒకరోజు నేను నీళ్ల మోటర్ వేయంగనే అక్క గబగబా దిగొచ్చింది. పాదం నేలకు ఆనించి చూపింది, తర్వాత ఆరిపోయిన రూటర్ లైట్లు చూపింది. మోటర్ అదురు ఆమె పాదానికి తెలిసింది. రోజూ ఆ చప్పుడు వినే మాకు తోచలేదు. మెకానిక్‌ను మళ్లీ పిలిపిస్తే చెప్పిండు, మోటర్ వేసినప్పుడల్లా కరెంటు తగ్గి రూటర్ ఆగుతున్నదట. రూటర్‌కు చిన్న బ్యాటరీ పెట్టి, "మాకు దొరకని దొంగ అక్కకు దొరికిండు," అని నవ్విండు. మళ్లీ నెట్ పోలేదు.

కొన్ని నెలలకు భర్త వచ్చి ఆమెను పుణే తీసుకపోయిండు. ఆటోలో కూర్చొని అక్క నాతో చేతులతో చాలాసేపు ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలూపిన. రెండేళ్లు కలిసున్నా ఆ భాష నేర్చుకోలేదు.

ఇప్పుడు ఫోన్‌లో చూసుకుంట ఒక్కో మాట నేర్చుకుంటున్న. ఆ రోజు ఆమె చేతులు ఎట్ల కదిలినయో మాత్రం ఎంత తలుచుకున్నా సరిగ్గ గుర్తొస్తలేదు.