ఇంగ్లీషు చాలదా?

వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో నాతో ఫ్లాట్ పంచుకునే జర్మన్ అమ్మాయి నాకన్నా శుభ్రమైన ఇంగ్లీషు మాట్లాడుతుంది. అందుకే, జర్మనీలో ఒక చిన్న ఊరి కంపెనీ బావను ఉద్యోగానికి రమ్మన్నప్పుడు, ఆమెనడిగి ఒక్క సంగతి కనుక్కోమని, ఈ దేశంలోనే ఫ్లాట్ బుష్ అనే చోట ఉండే అక్క ఫోన్ చేసింది: అక్కడ ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చా, మళ్లీ అక్షరాల నుంచి మొదలుపెట్టాలా? సోమవారంలోగా బావ జవాబివ్వాలి. ఇక్కడి యాసకు చెవి అలవాటు పడేసరికే అక్క అలసిపోయింది.

ఆ సాయంత్రం వెల్లింగ్టన్ నుంచి రైల్లో నిలబడే వచ్చి, బూట్లు విప్పకుండానే ఇంగ్లీషులో అడిగాను: మీ దేశంలో ఇంగ్లీషు చాలదా? ఆమె "యెస్" అంది. చాలదా అంటే అవునన్నది కాబట్టి, చాలదని అక్కకు చెప్పేశాను.

"అనుకున్నానే," అంది అక్క.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి, తన పాత ఆఫీసులో మీటింగులన్నీ ఇంగ్లీషులోనే జరిగేవని చెప్పింది. మరి చాలదన్నావే అన్నాను. అనలేదంది. కాదన్నట్టు అడిగే ప్రశ్నను తిప్పికొట్టడానికి జర్మన్‌లో "డోఖ్" అని ప్రత్యేకంగా ఒక మాట ఉందట. ఇంగ్లీషులో అలాంటిది లేక, "యెస్"తో సరిపెట్టింది. చాలుతుందని ఆమె ఉద్దేశం.

పదాన్ని నిర్వచించకుండా వాదం ప్రారంభించరాదని కాలేజీ డిబేట్‌లలో నేర్చుకున్నాను. కనుక ఎవరికి, ఎక్కడ, దేనికి చాలుతుందని వరసగా అడిగాను. నగరాల్లో, విశ్వవిద్యాలయాల్లో, కుర్రవాళ్లతో ఇబ్బంది లేదట. ఆస్ట్రియాలోనూ ఇంచుమించు అంతేనట. చిన్న ఊళ్లో డాక్టరుకు ఇంగ్లీషు రావచ్చు, ఆస్పత్రి కౌంటరులో కూర్చున్నావిడ సంగతి చెప్పలేనంది. తూర్పు జర్మనీలో చదివిన వాళ్లమ్మకు బడిలో నేర్పింది రష్యన్.

"ఇక ఆపు," అంది చివరికి. "పొద్దుటి నుంచీ ఇంగ్లీషు మాట్లాడి దవడలు నొప్పెడుతున్నాయి."

అక్కకు మళ్లీ ఫోన్ చేసి, పొరపాటు సరిదిద్ది, విన్నదంతా చెప్పాను. స్పీకరులో బావ గొంతు ఉత్సాహంగా వినిపించింది. "ఆఫీసుల్లో అంతా ఇంగ్లీషేనట కదా. ఆర్నెల్లలో సెటిల్ అయిపోతాం."

"మీరవుతారండీ," అంది అక్క. "పిల్లకి జ్వరమొస్తే కౌంటర్లో ఎవరితో చెప్పను? మీచేత లీవు పెట్టించి వెంట తీసుకెళ్లినా, మీకు మాత్రం జర్మన్ వచ్చా? ఇక్కడ ఇప్పుడిప్పుడే డేకేర్ వాళ్లతో గొడవపడగలుగుతున్నాను. ఇంకోసారి మూగదాన్ని కాలేను."

బావ నన్నడిగాడు, నువ్వేమంటావని. ఏ పక్షం ఇచ్చినా వాదించగలనని పేరు తెచ్చుకున్నదాన్ని. ఆ పూట అక్క చెప్పింది నిజమని మాత్రమే అన్నాను.

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"వద్దని రాసేస్తాను," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు.

అన్నం పెట్టేయనా అని అక్క ఆయన్ని అడుగుతుండగా ఫోన్ పెట్టేశాను.