తేలిన ఇన్‌స్పెక్టరు

మద్రాసు ప్రభుత్వం రోజుల్లో, మార్కాపురం దగ్గర ఒక పల్లె బడిలో నేను కొత్తగా పంతులుగా చేరాను. ఒకరోజు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. ఏనుగంత మనిషి. అప్పుడు నేను గంగాళం నీళ్లలో పెద్ద గుమ్మడికాయ తేలడం, చిన్న పలకముక్క మునగడం పిల్లలకు చూపిస్తున్నాను.

"బరువొక్కటే చూడకూడదు. అంతే చోటు పట్టే నీళ్లకన్నా బరువైతేనే ఏదైనా మునుగుతుంది" అన్నాను.

"తప్పు! బరువైంది మునుగుతుంది, అంతే. ఇంకోసారి ఇట్ల చెప్తే ఉద్యోగం ఉండదు" అని ఆయన గద్దించారు. హెడ్మాస్టరుగారు తల ఊపారు.

మర్నాడు పొద్దున, నేనూ హెడ్మాస్టరుగారూ వెంట ఉండగా, దిగుడుబావిలో స్నానానికి దిగుతూ ఇన్‌స్పెక్టరుగారు కాలు జారి నీళ్లలో పడ్డారు. కంగారులో నేనూ దూకేశాను. నాకు ఈత రాదన్న సంగతి దూకాకే గుర్తొచ్చింది. బక్కప్రాణిని, మునిగిపోతున్నాను. ఆయన మాత్రం వెల్లకిలా హాయిగా తేలుతూ, నా జుట్టు పట్టుకుని మెట్ల దాకా లాక్కొచ్చారు.

ఊపిరి అందగానే, "సార్, మీరు తేలినారు గదా!" అన్నాను ఆశగా.

ఆయన బదులు హెడ్మాస్టరుగారు కసిరారు. "ఊరుకో అబ్బాయ్! ఆయన ఆఫీసరు. ఆ సూత్రాలన్నీ మనట్లాంటోళ్లకు!"

ఇన్‌స్పెక్టరుగారు నా పాఠం తప్పనే రిపోర్టులో రాసి వెళ్లారు. ప్రాణం కాపాడిన మనిషికి ఏమని ఎదురు చెప్పను? ఆయన మీద కృతజ్ఞతా, కోపమూ రెండూ నాకు ఇప్పటికీ పోలేదు.