జిగురు ముట్టని చేతులు

టిక్... టిక్... టిక్. మెట్లు ఎక్కుతుండగానే నాకు వినిపిస్తుంది, లోపలెవరో చినుకుల్ని ఒక్కొక్కటిగా గిన్నెలో వేస్తున్నట్టు. తలుపు తీస్తే, వంటింటి కిటికీ దగ్గర అసుంతా. చేతిలో మైనం అంటించిన పుల్ల, దాని కొసన గాజు రాయి. రాయిని గూట్లో దించి, చుట్టూ ఉన్న లోహపు గోళ్లను ఒక్కొక్కటే వంచుతుంది.

అమెరికాలోని ప్రావిడెన్స్‌లో ఎన్నో ఇళ్లకు రొట్టె పెట్టిన గిల్టు నగల పని ఇది. యుద్ధం రోజుల్లో తగరం సైన్యానికి పోతే, ఫ్యాక్టరీ వాళ్లు వెండికే బంగారు పూత వేశారు. కోటుకు గుచ్చుకునే అరచేతంత బ్రోచి, నడుమ ఒక్కటే పెద్ద రాయి. యాభైల్లో అంతా జత కుదరాల్సిందే. మెడకీ చెవులకీ చేతికీ ఒకే రాళ్లు, వాటి మీద నీళ్లలో నూనె తేలినట్టు రంగులు. ప్రతి మార్పునీ అసుంతా వేళ్లు ఇష్టంగానే నేర్చుకున్నాయి. అరవై ఆరులో, నడుమ చిన్న రాయితో ప్లాస్టిక్ డైసీలు వచ్చినప్పుడు కూడా "పూలేగా, పూయనీ" అంది.

గొడవ జిగురుతో వచ్చింది. ఫోర్‌మన్ మానీ ఒక సీసా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఇక గోళ్లు వంచక్కర్లేదు అసుంతమ్మా. చుక్క వెయ్యి, రాయి పెట్టు, అంతే."

"ఒరేయ్ మానీ, జిగురు దిగితే రాయి వెనక పూత నల్లబడుతుంది. రాయి చస్తుంది. నీకీ సంగతి చెప్పిందెవరు?"

"నువ్వే. అది చచ్చేలోపు ఫ్యాషనే చస్తుంది. ఒక్క వేసవి పెట్టుకుని పారేస్తారు."

"పెట్టుకునేవాళ్లు పారేస్తారేమో. చేసేదాన్ని, నేనెందుకు పారేస్తాను?"

పక్క బల్ల ఫిలోమినా కిసుక్కున నవ్వింది. "ముట్టుకోవే తల్లీ! జిగురు ముట్టకపోతే శుక్రవారం జీతం కవరూ ముట్టవు."

"విన్నావుగా," అన్నాడు మానీ. "సీసా మూతైనా తియ్యి, ఇంటికైనా పో."

ఇరవై రెండేళ్ల బల్ల అది. అసుంతా సీసా మూత బిగించి, అతని చొక్కా జేబులో పెట్టి, కోటు తీసుకుంది. మైనం పుల్లను కోటు జేబులో వేసుకుని ఇంటిదాకా నడిచింది.

మర్నాడే కిటికీకి అట్టముక్క కట్టింది: పాత నగలకు రాళ్లు పొదుగుతాను. మొదటి నెల ముగ్గురే వచ్చారు. రెండో వేసవి దాటాక, ఫ్యాక్టరీలో జిగురుతో అతికించిన, నల్లబడ్డ రాళ్లున్న డైసీలు కూడా రావడం మొదలైంది.

ఫ్యాక్టరీ మళ్లీ పిలిస్తే వెళ్తావా అని నేను అడిగితే, అసుంతా తలెత్తలేదు.

"పిలిచారు, రెండుసార్లు. సీసా లేకుండా పిలవమన్నాను. కాస్త పక్కకి జరుగమ్మా, వెలుతురికి అడ్డొస్తున్నావు."