మూడు హెచ్‌పీల రంపం

ఇశ్రాయేలు మాస్టారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పర్చూరు పక్కనున్న మా ఊళ్లో ఎవరేది కొనాలన్నా ముందు ఆయన్నే అడుగుతారు. ఆయన మాత్రం తన రంపం గురించి ఊరందరినీ అడిగారు.

భార్య సుగుణమ్మగారికి మోకాళ్లు అరిగిపోయాయి. చర్చిలో ఆడవాళ్లంతా చాపల మీదే. కింద కూర్చోలేక ఆమె గుమ్మం బయట నిలబడి ప్రసంగం వినేవారు. "క్రిస్మస్‌కి నా చేత్తో బల్ల చేసి నిన్ను లోపల కూర్చోబెడతా," అని మాస్టారు ఈస్టర్ నాడు మాటిచ్చారు. అక్కణ్ణుంచి దసరా దాకా యూట్యూబ్‌లో రంపాలు చూశారు.

వడ్రంగి షానవాజ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. "చేత్తో పట్టుకునే కటింగ్ మిషన్ తీసుకోండి మాస్టారూ. ఇంట్లో ప్లగ్గుకి పెట్టుకోవచ్చు. బల్లకి అది చాలండి."

అంత చిన్న జవాబు మాస్టారికి ఆనలేదు. టీకొట్టు దగ్గర చిన్నప్పటి క్లాస్‌మేట్, మిర్చి రైతు బుల్లయ్య కనిపించి, మిషను సంగతి విన్నాడు.

"ఎన్ని హెచ్‌పీరా?"

"దీన్ని వాట్లలో చెబుతారురా. పన్నెండొందలు."

"అంటే?"

"ఒకటిన్నర ఉంటుంది."

"ఒకటిన్నరా! దాంతో మజ్జిగ చిలుకుతావా ఏంటి? మోటారంటే మూడన్నా ఉండొద్దూ!"

ఏ మోటారైనా బోరు మోటారు లెక్కనే కొనాలన్నది మా వైపు నమ్మకం. బెంచీ మీదున్న నలుగురూ తలూపారు. మాస్టారు గుంటూరు వెళ్లి, ఇనప బల్లకి రంపపు చక్రం బిగించిన మూడు హెచ్‌పీల మిషను బేరం చేశారు. "ఇది త్రీ ఫేజండీ, మీ ఊళ్లో లైనుందా?" అన్నాడు కొట్టాయన. "భేషుగ్గా ఉంది," అన్నారు. ఉన్న మాటే. కాకపోతే ఆ లైనున్నది పొలాల్లో, బోర్ల దగ్గర.

మిషను ట్రాక్టరు మీద వచ్చింది. పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక మాస్టారు ప్లగ్గు కోసం చూశారు. ఇంటికున్నది సింగిల్ ఫేజు.

"ప్రార్థనన్నా వెనక్కి తీసుకుంటారేమో అడగండి. కొట్టాయన మిషను తీసుకోడు," అన్నారు సుగుణమ్మగారు.

తన మాట విని కొన్నాడని బుల్లయ్యకి మనసు చివుక్కుమంది. మిషను తన బోరు షెడ్డులో పెట్టించాడు. కానీ పొలానికి కరెంటిచ్చేది పగలు కొన్ని గంటలే, మిర్చికి తడి పెట్టేదీ అప్పుడే. రెండూ కలిసి నడిస్తే ఫ్యూజు పోతుంది.

"నీళ్లాపేది లేదురా. గొట్టాలు మార్చేటప్పుడు మోటారు కట్టేస్తా. ఆ కాసేపట్లో కోసుకో."

నవంబరంతా మాస్టారు వేప పలకల మీద గీతలు గీసుకుని, షెడ్డులో చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. చేలోంచి కేక వినపడగానే ఒక కోత. రెండోది సగంలో ఉండగా "ఇంక ఆపరో!" అని ఇంకో కేక. నాలుగు కాళ్లకి వారం పట్టింది. తన చిన్న మిషను ఇస్తానని షానవాజ్ వచ్చాడు. ఇంత పెద్దదాన్ని కొని అంత చిన్నదాన్ని ముట్టుకుంటే ఊరు నవ్వుతుందని మాస్టారు వద్దన్నారు. ఊరు అప్పటికే నవ్వుతోందని ఆయనకెవరూ చెప్పలేదు.

క్రిస్మస్ పొద్దున బల్ల చర్చిలోకి వెళ్లింది. సుగుణమ్మగారు ముందు వరసలో కూర్చున్నారు. మొదటి పాట అయ్యేలోపు మరో ముగ్గురు, "మాకూ మోకాళ్లేగా వదినా, జరుగు," అంటూ వచ్చి ఇరుక్కున్నారు. ఇద్దరికని గీసిన బల్ల అది. మగాళ్ల వైపు కూర్చున్న మాస్టారు ఆ బల్ల కాళ్ల మీంచి కళ్లు తిప్పలేదు.

మధ్యాహ్నం బిర్యానీకి వచ్చిన బుల్లయ్య అడిగాడు: "ఇవాళ ప్రసంగం దేని మీదరా?"

"నాలుగు కాళ్లూ సమంగానే ఉన్నాయిరా," అన్నారు మాస్టారు.