ఎన్ని మీటర్లు మిగిలింది?

ఆ రోజుల్లో ఏ సమస్యనైనా జాబితాగా రాస్తే సగం తీరిపోతుందని, దానికి అంకెలు వేస్తే మిగతా సగం కూడా తీరిపోతుందని నాకు గట్టి నమ్మకం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివినందువల్ల వచ్చిన జబ్బు అనుకునేవాణ్ణి కాని, మా క్లాసులో ఇంకెవరికీ అది సోకినట్టు లేదు. ఆ జబ్బు ముదిరింది మాత్రం ఆస్ట్రేలియాలో నాకు పీఆర్ (శాశ్వత నివాసానికి అనుమతి) వచ్చాక. అది ఇప్పించింది నేను పనిచేసే చిన్న కంపెనీ. బిస్కెట్ ఫ్యాక్టరీలకు కన్వేయర్లు తయారుచేసేవాళ్ళం. యజమాని సూరత్ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ గుజరాతీ పెద్దాయన. అందరం ‘కాకా’ అనేవాళ్ళం. తెలంగాణ నుంచి సూరత్‌కు వలసవెళ్ళిన నేతవాళ్ళ ఇంట పుట్టి, అక్కడి గోడాదరా పేటలో సాంచాల (అంటే కరెంటు మగ్గాల) మోతలో పెరిగిన నన్ను ‘మన ఊరి పిల్లాడు’ అంటూ స్పాన్సర్ చేసి, కాగితాలన్నీ తనే దగ్గర కూర్చుని నింపాడు. పీఆర్ వచ్చిన పదకొండో వారంలో, అదే ఊళ్ళో మగ్గాలు తయారుచేసే ఓ పెద్ద కంపెనీ నన్ను రమ్మంది. మగ్గం మోత తగ్గించే విభాగంలో పని. ఎగిరి గంతేయాల్సిన నేను భయంతో ముడుచుకుపోయాను.

పీఆర్ ఇప్పించిన కంపెనీని వెంటనే వదిలేస్తే పీఆర్ లాగేసుకుంటారని నాతో గదిలో ఉండే మిత్రులు బెదిరించారు. లాయర్‌ని అడిగితే, “ఇన్నాళ్ళు ఉండి తీరాలని మీ కాగితాల్లో ఎక్కడా లేదు. కానీ దరఖాస్తు పెట్టిన నాడు అక్కడే పనిచేయాలన్న ఉద్దేశం నిజంగా ఉండాలి” అన్నాడు. ఉద్దేశం! దాన్ని ఏ కొలబద్దతో కొలవాలి? ఇంజనీరింగ్‌లో ఎవరూ చెప్పలేదు. అందుకని సాక్ష్యాలు పోగుచేయడం మొదలుపెట్టాను. నలభై అంశాల జాబితా, వెనక ఫోటోలు, అన్నీ ఒక ఫైలులో. కొత్త కంపెనీకి జవాబు చెప్పడానికి పది రోజుల గడువు ఉందనగా, ముందే తీసుకున్న సెలవు మీద ఆ ఫైలుతో సహా సూరత్‌లో దిగాను. కాకా కూడా అన్నగారి కూతురి పెళ్ళికి ఊళ్ళోనే ఉన్నాడని తెలిసి, ఎక్కడ ఎదురుపడతాడోనని నాలుగు రోజులు ఇల్లు కదలలేదు.

బాపు (మా నాన్న) ఫైలు చూడనే చూశాడు.

“గిదేంది బిడ్డా?”

“సాక్ష్యాలు బాపూ. నాకు గా కంపెనీల్నే ఉండాలని ఉండె అని.”

“గీ ఫోటో?”

“నా టిఫిన్ డబ్బా. ఆఫీసు ఫ్రిజ్జుల ఉన్నది. పేరు గూడ రాసిన, చూడు.”

“గీ చెట్టు?”

“నా టేబుల్ మీదిది. రోజు నీళ్ళు పోస్తున్న.”

వంటింట్లోంచి అవ్వ (మా అమ్మ) తొంగిచూసింది. “పోలీసోళ్ళు గిట్ల పట్టుకుండ్రా ఏంది వీన్ని?”

బాపు ఫైలు మూశాడు. “సేఠ్‌కు చెప్పినవా?”

“లే.”

“మరి గీ డబ్బా ఫోటో ఎవలకు చూపెడ్తవ్ రా? సరే, సాంచా మీద బీము ఉన్నదా?”

“అది బీము గాదు బాపూ, వీసా.”

“వీసా సంగతి నాకెర్కలేదు. సేఠ్ నీకు పని ఎక్కిచ్చిండు గద. ఎన్ని మీటర్లు మిగిలింది?”

(బీము అంటే సాంచాకు వెనక ఎక్కించే పెద్ద నూలు చుట్ట. మా వాళ్ళలో ఎవరు ఏ సేఠ్‌ని వదిలి ఏ సేఠ్ దగ్గరికి పోయినా తప్పులేదు. కాని ఎక్కించిన బీము నేసి, దించి పోవాలి. సగంలో వదిలితే ఆ పోగులతో తర్వాతివాడు తంటాలు పడాలి. ఆ సంగతి మనకంటే ముందే కొత్త కార్ఖానాకు చేరుతుంది.)

లెక్క చూసుకున్నాను. నా చేతిలో ఇరవై మూడు డ్రాయింగులు సగంలో ఉన్నాయి. నలభై అంశాల నా జాబితాలో ఆ అంకె ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున్నే బాపు నన్ను కాకా అన్నగారింటికి లాక్కెళ్ళాడు. కాకా సూరత్ వాళ్ళ శనగపిండి ఫలహారం లోచో తింటున్నాడు. నేను గొంతు సవరించుకునేలోగా బాపు అందుకున్నాడు. ముప్పై ఏళ్ళు సాంచాల మోత మీద మాట్లాడిన గొంతు. వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. “సేఠ్, లడ్కా భాగేగా నహీ. బీమ్ ఉతార్‌కే జాయేగా!” పిల్లాడు పారిపోడు, బీము దించే పోతాడు అని హామీ. నేను వెళ్ళిపోతున్న సంగతి కాకాకు తెలిసింది అలా.

ఆయన నా చేతిలోని ఫైలు అందుకుని ఒక్కో కాగితం తిప్పాడు. ఒకచోట ఆగాడు.

“బేటా, ఈ చెట్టు ప్లాస్టిక్‌ది.”

(మూడు నెలలు నీళ్ళు పోశాను.)

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు. “పోతానని నాకు చెప్పడానికి ఇంత సామాను కావాల్సొచ్చిందా?” అన్నాడు. తల వంచుకున్నాను. ఆయనే మళ్ళీ అడిగాడు: “వచ్చిన రోజు నిజంగా నా దగ్గర ఉండాలనే వచ్చావా?”

“నిజంగానే, కాకా.”

“ఎవరడిగినా నేనూ అదే చెప్తాను. బీము ఎంత మిగిలింది?”

“ఇరవై మూడు డ్రాయింగులు.”

“దించి వెళ్ళు. కొత్తవాళ్ళతో నేను మాట్లాడతా, ఆగుతారు.” లోచో ప్లేటు బాపు ముందుకు జరిపాడు.

తిరుగుదారిలో మా పేట పక్కనున్న లింబాయత్ దగ్గర షేర్ ఆటో దిగి నడుస్తుంటే, బాపు తిన్నగా పోయే గల్లీ వదిలేసి చుట్టూ తిప్పాడు. ఎందుకని అడిగాను.

“పెండ్లికి ముందు గా గల్లీల ఒక సేఠ్ దగ్గర నేసేటోన్ని. ఇంకో కార్ఖానాల కొత్త సాంచాలు వచ్చినయంటే, సగం బీము ఇడిసిపెట్టి పోయిన.”

“గా సేఠ్ ఇంకా ఉన్నడా?”

“ఏడున్నడు? పోయి పదేండ్లాయె. కార్ఖానా గూడ లేదు, గోదాము జేసిండ్రు.”

“మరింకేంది బాపూ?”

“గల్లీ ఉన్నది గద రా.”

ఇరవై మూడు డ్రాయింగులకు ఏడు వారాలు పట్టింది. పీఆర్ గురించి ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. మా కొత్త ఆఫీసుకు వెళ్ళే బస్సు పాత ఆఫీసు ముందునుంచే పోతుంది. అప్పుడప్పుడూ అక్కడ దిగి కాకాతో టీ తాగి మరీ వెళ్తుంటాను. ఆయన కుర్చీకీ నా పాత బల్లకూ మధ్య పది అడుగులుంటాయేమో. ఆ పది అడుగులు నడవలేక, సముద్రం దాటి సూరత్ వెళ్ళి, తండ్రిని వెంటబెట్టుకుని ఆయన్ని కలిసిన కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ముద్దొస్తాడు కూడా.